ఎవరి వీపు మీద?

మా చిన్నమ్మాయికి పన్నెండేళ్ళు. మొన్న వేసవి సెలవుల్లో ఒక రాత్రి భోజనాల దగ్గర, తను గుర్రపు స్వారీ నేర్చుకుంటానని ప్రకటించింది. అడిగింది అనటం లేదు, ప్రకటించింది అంటున్నాను. మావారు పెరుగన్నంలోంచి తలెత్తకుండానే "మనకు రాజ్యమేమన్నా వస్తున్నదా?" అన్నారు. పెద్దమ్మాయి వరంగల్ నుంచి సెలవులకు వచ్చి ఉంది. అది కిసుక్కున నవ్వింది. నేను మాత్రం కాదనలేదు. ఆ మధ్య నుంచీ చిన్నదాన్ని దేనికీ కాదనకపోవడం నాకు అలవాటైపోయింది. ఎందుకో తర్వాత చెబుతాను.

మా కరీంనగర్‌లో గుర్రమంటే పెళ్ళి బారాత్ గుర్రమే. జరీ గుడ్డలు కప్పి, నుదుటికి కుచ్చు కట్టి, చెవులు చిల్లులు పడే డీజే పెట్టెల ముందు అర్ధరాత్రి దాకా నిలబెడతారు దాన్ని. ఆకు కదిలినా చెవి రిక్కించే జంతువు, ఆ మోతను ఎలా భరిస్తుందో దానికే తెలియాలి. ఒక్క మాట చెప్పొద్దూ, ఆ సంబరంలో నాకు నచ్చే సంగతి ఒకటే. పెళ్ళికొడుకు చేతికి పగ్గాలివ్వరు. సాయిస్ ముందు నడుస్తూ తన చేతిలోనే ఉంచుకుంటాడు. మర్నాటి నుంచి ఆ అబ్బాయికి ఎన్ని పగ్గాలు అప్పగిస్తారో తలుచుకుంటే, ఆ ఒక్క రాత్రి జాగ్రత్త సరిపోతుందా అనిపిస్తుంది.

సరే, విచారించగా మానేరు డ్యామ్ దారిలో ఊరు దాటాక ఒక పెద్దాయన ఉన్నారని తెలిసింది. పోలీసు గుర్రాల దళంలో పనిచేసి రిటైరయ్యారు. నాలుగు గుర్రాలున్నాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో బారాత్‌లకు పంపుతారు, మిగతా రోజుల్లో పొద్దున్నే పిల్లలకు నేర్పుతారు. అందరూ సాబ్ అంటారు. మా చిన్నది మొదటిరోజే 'సాబ్ తాత' చేసేసింది. డెబ్భై దాటిన మనిషి. నడుస్తుంటే కాస్త కుంటుతారు గానీ, గుర్రం పక్కన నిలబడితే ఆ కుంటు కనిపించదు.

మొదటి వారం నడక. రెండో వారం దుల్కి, అంటే అడుగులో అడుగు కలిపి చేసే చిన్న పరుగు. పిల్ల బాగానే కూర్చుంది. మూడో వారం కాంటర్ మొదలుపెట్టారు. అక్కడ వచ్చింది తిప్పలంతా.

కాంటర్ అంటే దుల్కికీ దౌడుకూ మధ్య పరుగు. కాంటర్‌బరీకి వెళ్ళే యాత్రికులు తీరిగ్గా గుర్రాలు నడిపించిన వేగం నుంచి ఆ పేరు వచ్చిందట. బి.ఏ.లో చాసర్‌ను బట్టీపట్టిన నాకు ఆ ముక్క అప్పుడు ఎవరైనా చెప్పివుంటే నాలుగు మార్కులు ఎక్కువొచ్చేవి. గుర్రం కాంటర్‌లో ఉన్నప్పుడు చెవిపెట్టి వింటే మూడు దెబ్బలు వినిపిస్తాయి. ముందు వెనక కాలొకటి. తర్వాత ఎదురు మూలల కాళ్ళు రెండూ కలిసి. ఆఖరికి ముందు కాలొకటి. ఆపైన ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ గాలిలోనే. మళ్ళీ మొదలు. మన పాతవాళ్ళు గుర్రపు నడకలను 'ధారలు' అన్నారు. అమరకోశంలో అయిదు ధారల పేర్లున్నాయి. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. ధార అంటే తెగకుండా పోయేది కదా. ఎంత బాగా పేరు పెట్టారో అనుకున్నాను.

మా పిల్ల దగ్గర మాత్రం ఆ ధార అడుగడుక్కీ తెగింది. గుర్రం వీపు పైకి లేచినప్పుడు ఇది ఎగురుతోంది. ఇది కిందికి దిగేసరికి వీపు మళ్ళీ పైకి వస్తోంది. మధ్యలో ఇద్దరూ ఢీకొంటున్నారు. ధబ్, ధబ్, ధబ్. భయంతో మోకాళ్ళు బిగించింది, ముందుకు వంగింది, ఊపిరి బిగపట్టింది. బిగించినకొద్దీ ఇంకా ఎత్తుకు ఎగిరింది. ఎగిరినకొద్దీ గుర్రం వీపు గట్టిపడింది, నడక ఇంకా మోటయింది. ఒకళ్ళ బాధ ఇంకొకళ్ళకు, వాళ్ళ బాధ తిరిగి వీళ్ళకు. చాలా సంసారాల్లో చూసిన దృశ్యమే అనిపించింది నాకు.

"గుర్రం నిన్ను ఎగరేస్తలేదు బిడ్డా, నువ్వే దాని మీద దుంకుతున్నవ్. పట్టుకుంటే పడ్తవ్. ఇడిస్తెనే కూసుంటవ్" అన్నారు సాబ్.

ఇది చెప్పటం సులువు. పడిపోతానని వణికే పిల్లతో "వదులు" అంటే ఎలా వదులుతుంది? ఆయనకూ ఆ సంగతి తెలుసు. అందుకని ఇంకేమీ బోధించలేదు. బతుకమ్మ పాట ఒకటి గట్టిగా పాడమన్నారు. పాడాలంటే ఊపిరి వదలాలి. ఊపిరి వదిలితే నడుం దానంతటదే వదులవుతుంది. "పొరగాండ్లకు ఊపిరి తీసుకొమ్మని చెప్తె ఇనరు. పాడుమంటె పాడ్తరు" అన్నారు నాతో, రహస్యం చెబుతున్నట్టు.

ఇంకో మాట కూడా అన్నారు. "ఉయ్యాలల కూసున్నప్పుడు ఎగుర్తవా? నడుముతోని ఊగుతవు గద. గట్లనే."

నాకు మా అమ్మమ్మ ఊళ్ళో నీళ్ళు మోసే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. నెత్తిమీద రెండు బిందెలు, చంకలో ఒకటి. గులకరాళ్ళ దారి. బిందెలో నీళ్ళు తొణకవు. ఎందుకంటే వాళ్ళ నడుం ఎక్కడా బిగిసి ఉండదు. కింద కాళ్ళు పడే ప్రతి కుదుపునూ నడుమే తాగేస్తుంది. పైన మెడ నిశ్చలంగా ఉన్నదంటే కింద నడుం అంత కదులుతోందన్నమాట. గుర్రం మీద కూర్చోవటం కూడా అదేనట. చేతులు కదలకుండా ఉండాలంటే నడుం కదలాలి. మన ఆడవాళ్ళకు ఈ విద్య తరతరాలుగా వచ్చు, గుర్రాలే లేవు.

ఇంతవరకూ బాగానే ఉంది. నేనూ పెద్దమ్మాయీ గోడ మీద కూర్చుని చూస్తున్నాం. సాబ్ ఒక పొడుగాటి తాడు గుర్రానికి కట్టి, తను మధ్యలో నిలబడి, దాన్ని చుట్టూ గుండ్రంగా తిప్పుతున్నారు. చిన్నదానికి రికాబులు తీసేశారు. పగ్గాలు అసలే ఇవ్వలేదు. జీను ముందు అంచు ఒక చేత్తో పట్టుకోవచ్చు, అంతే. నాకు గుండె దడదడలాడింది. పట్టుకోవటానికి ఏమీ ఇవ్వకపోతే పిల్ల పడదా?

"పగ్గాలు ఎందుకిస్తలేరో తెలుసా అమ్మా?" అంది పెద్దది.

"ఎందుకు? ఇంకా చిన్నపిల్ల కదా, ఆపుకోలేదని."

"కాదు. నేనడిగిన. అది పడకుండ పగ్గాలు పట్టుకొని వేలాడుతదట. అప్పుడు గుర్రం నోరు కోసుకపోతదట. పగ్గాలు ఇయ్యకపోవుడు దీని కోసం కాదు, గుర్రం కోసం."

తర్వాత సాబ్‌ను అడిగితే గుర్రం పెదవి మెల్లగా పక్కకు లాగి చూపించారు. ముందు పళ్ళకూ వెనక దవడ పళ్ళకూ నడుమ కొంత జాగాలో పళ్ళుండవు. కళ్ళెపు ఇనుము కూర్చునేది అక్కడే, ఒట్టి చిగురు మీద. పైన రౌతు ఎగిరిపడ్డప్పుడల్లా, నిలదొక్కుకోవటానికి పగ్గాలు లాగినప్పుడల్లా, ఆ బరువంతా వచ్చి ఆ చిగురు మీద పడుతుంది. ఈగ వాలితే చర్మం విదిలించే ప్రాణి అది. ఈగ బరువు తెలిసిన ఒంటికి మన బరువు ఎంత తెలుస్తుంది!

"మరి కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎవరైనా మొదట్లో లాగుతారు కదా సాబ్?"

"లాగుతరమ్మా. అందుకే ముందుగాల కూసునుడు రావాలె. చెయ్యి తర్వాత."

పెద్దది గోడ మీద నుంచి దూకి, చీపురుపుల్లతో మట్టిలో ఏదో గీస్తూ, నా వైపు చూడకుండా అంది: "నీక్కూడ ఎవరన్న కొన్నిరోజులు పగ్గాలు ఇయ్యకుండ ఉంటే బాగుండు అమ్మా."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాతోపాటు స్కూటీ ఎక్కి ఇంటికొచ్చింది, రాత్రి నా దిండు మీద పడుకుంది.

ఇక చెప్పక తప్పదు. మా పెద్దది పుట్టినప్పుడు నాకు ఇరవై అయిదు. మావారి ఉద్యోగం గోదావరిఖనిలో. రెండు గదుల ఇల్లు. పిల్లకు నాలుగో ఏడు వచ్చేసరికి తెలిసింది, దానిది ఎడమచేతి వాటమని. ముద్ద ఎడమ చేత్తో, బలపం ఎడమ చేత్తో, దేవుడికి పువ్వు వేయటం ఎడమ చేత్తో. మా అత్తగారు ఊరినుంచి వచ్చినప్పుడల్లా "ఇదేం చోద్యం, రేపు అత్తవారింట్లో నలుగురికి వడ్డించేదాకా ఇట్లనే ఉంటదా?" అనేవారు. పాపం, ఆమె మీదకు నెట్టను. ఆమె అన్నారంతే. కట్టింది నేను. పిల్ల జడ రిబ్బనుతోనే దాని ఎడమ చెయ్యి నడుముకు కట్టి, కుడిచేతికి బలపం ఇచ్చి కూర్చోబెట్టాను. రోజూ సాయంత్రం ఒక గంట. పదిహేను రోజులు. ఆ రోజుల్లో పిల్ల మాట్లాడటం తగ్గించేసింది. అది బుద్ధిమంతురాలవుతోందని నేను సంతోషించాను.

పదో మనిషికి ఒకరు ఎడమచేతి వాటంతో పుడతారు. దాన్ని బలవంతాన మార్చకూడదని ఇప్పుడు పిల్లల డాక్టర్లంతా చెబుతారు. నాకా సంగతి తెలిసేసరికి చిన్నది పుట్టింది. చూడండి విచిత్రం, దానిదీ ఎడమచెయ్యే! దాన్ని నేను ముట్టుకోలేదు. ఎడమ చేత్తో రాస్తుంది, ఎడమ చేత్తో కత్తెర పడుతుంది. చుట్టాలెవరైనా మాటంటే వాళ్ళమీద లేస్తాను. పెద్దది ఇదంతా చూస్తూ పెరిగింది. ఏమీ అనలేదు. కుడి చేత్తో రాస్తూ, ఏమీ అనకుండా పెరిగింది.

గుర్రాలకూ వాటం ఉంటుందని ఆ సెలవుల్లోనే తెలిసింది నాకు. కాంటర్‌లో ఒక పక్క ముందు కాలు దారి చూపిస్తుంది. కొన్నిటికి ఎడమ కాలు ముందుంటే హాయి, కొన్నిటికి కుడికాలు. రెండు వైపులా అలవాటు చేస్తారు గానీ, రాని వైపు ఎంతో ఓపికగా, కాస్తకాస్తగా చేయిస్తారు. వచ్చిన కాలును కట్టేసి చేయించే మూర్ఖుణ్ణి తను పుట్టాక చూడలేదన్నారు సాబ్. నేను అడిగాననుకునేరు. మాటల్లో ఆయనే అన్నారు. నేను నేల చూపులు చూశాను.

ఇంతకూ నా ప్రశ్న ఇది. మనం ఏ విద్య నేర్చుకున్నా ఎవరో ఒకరి వీపు మీదే నేర్చుకుంటాం. కొత్త డాక్టరు మొదటి సూది ఎవరి చేతికో గుచ్చుతాడు. కొత్త పంతులమ్మ అరవటం తప్ప ఇంకో దారి ఉన్నదని తెలుసుకునేదాకా ఏదో ఒక క్లాసు పిల్లలు ఆ అరుపులు తింటారు. మా నవలలే తీసుకోండి, నా మొదటి సీరియల్ చదివిన ఓపికమంతులకు నేనింకా బాకీ. మరి తల్లితనం? మొదటి బిడ్డ వీపు మీదే కదా. ఆ వీపుకు మనం ఏం బాకీ పడ్డాం? నేర్చుకోవాలి కాబట్టి తప్పలేదు అని సరిపెట్టుకోవచ్చా?

మా తాతగారు నిజాం కాలంలో ఆదిలాబాద్ అడవుల్లో జంగ్లాత్ కొలువు చేశారు. టట్టు మీద ఊరూరా తిరిగేవారట. మా అమ్మమ్మ ఆ రోజుల గురించి చెప్పిన కథల్లో పులి ఉండేది, ఎలుగుబంటి ఉండేది, తాతగారి ధైర్యం ఉండేది. కానీ ఒక్క మాట మాత్రం ఆమె ప్రతిసారీ చెప్పేది. క్యాంపు నుంచి వచ్చిన రాత్రి ఆ టట్టు నోటి మూలల్లో పుండ్లకు తనే పసుపూ వెన్నా రాసేదట. "మీ తాత కొలువు నేర్చుకున్నది దాని నోటి మీదనే" అనేది. తాతగారి ఫోటో గోడకుంది. టట్టుకు ఫోటో లేదు.

ఆ అడవుల్లోనే ఇంకో సంగతి జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్‌ను చంపాక, గోండుల కష్టమేమిటో తెలుసుకోవటానికి సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుణ్ణి ఆ ప్రాంతానికి పంపింది. ఆయన మార్లవాయిలో గోండు ఇంటిలాంటి ఇల్లు కట్టుకుని ఉన్నాడు. 1943లో అక్కడ గోండు పంతుళ్ళకు శిక్షణ మొదలైంది. పిల్లలకు మొదటి పాఠాలు గోండీలోనే చెప్పించారు. అప్పటిదాకా బడి అంటే రాని భాషలో బడే. వచ్చిన భాషను కట్టేసి రాని భాష నేర్పటం నా రిబ్బను పని కాక ఏమిటి? ఆ కట్టు ముందుగా విప్పి, తర్వాత నేర్పారు వాళ్ళు. నేను తర్వాత కూడా విప్పలేదు. పదిహేను రోజుల తర్వాత అవసరం లేకపోయింది, అంతే.

మనకొక సామెత ఉంది: రౌతు కొద్దీ గుర్రం. ఇంకొకటి కూడా ఉంది, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని. మా అత్తగారి ప్రియమైన సామెత ఇది. పిల్లల్ని, పనిమనుషుల్ని, చివరికి కొడుకునూ కొలవటానికి ఆమెకు ఇదొక్కటే గజంబద్ద. సాబ్‌కు చెబితే నవ్వారు. "మెత్తన అంటే ఏంది? ఒదులుగ కూసునుడు మెత్తన కాదమ్మా. గట్టోడే ఒదులుగ కూసుంటడు" అన్నారు. అప్పట్నుంచి ఆ సామెతలో మెత్తన అన్న మాట దగ్గర నాకు కాలు తడబడుతోంది.

ఆస్ట్రియాలో వియన్నా నగరంలో నాలుగు వందల ఏళ్ళకు పైబడిన స్వారీ బడి ఒకటుంది. అక్కడ కొత్తగా చేరినవాళ్ళను నెలల తరబడి ఇలాగే తాడు చివర, రికాబులూ పగ్గాలూ లేకుండా కూర్చోబెడతారు. ఇంకో నియమం కూడా ఉంది. కొత్త రౌతును పాత గుర్రం మీద ఎక్కిస్తారు. కొత్త గుర్రాన్ని పాత రౌతుకు అప్పగిస్తారు. కొత్తవాళ్ళనిద్దరినీ ఒకచోట కలపరు. ఇది చదివినప్పుడు, మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నామే అనిపించింది. ఇరవై అయిదేళ్ళ పిల్లకు మూడు కిలోల పసిగుడ్డును ఇచ్చి, రెండు గదుల ఇంట్లో పెట్టి, తలుపు మూసేస్తాం. ఇద్దరూ కొత్తే. ఒకళ్ళ భయం ఇంకొకళ్ళకు అంటుకుంటుంది. వెనకటి ఇళ్ళలో అయితే పసిబిడ్డకు నీళ్ళు పోయటానికి పాత చెయ్యి ఒకటుండేది.

అని రాసి, ఇక్కడ కలం ఆపాను. నిజమేనా? మా ఇంట్లోనూ పాత చెయ్యి ఒకటి వచ్చిపోతూనే ఉంది కదా. ఎడమచెయ్యి మాన్పించమన్నది ఆ చెయ్యే. ఏళ్ళు గడిచినంత మాత్రాన రౌతు చెయ్యి తేలికవదు. కొందరు నలభై ఏళ్ళు స్వారీ చేసినా పగ్గాలమీద వేలాడుతూనే ఉంటారు. గుర్రాలు మారతాయి, అంతే. కాబట్టి పాతకాలాన్ని మెచ్చుకునే ఆ పేరాను అంత గట్టిగా తీసుకోకండి.

నలుడి కథ మీకందరికీ తెలుసు. బాహుకుడై ఋతుపర్ణుడి రథం తోలినప్పుడు బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకుంటాడు. రాజు సందేహపడతాడు. తీరా చూస్తే అవి గాలిలో తేలిపోతాయి. నలుడికి అశ్వహృదయం తెలుసు. గుర్రం మనసు తెలుసుకునే విద్య అది. చిన్నప్పుడు ఎంత గొప్పగా అనిపించేదో! ఇప్పుడు చదివితే నాకు దమయంతే కళ్ళముందు నిలుస్తుంది. నట్టడివిలో నిద్రపోతున్న భార్యను వదిలి నడిచిపోయినవాడికి గుర్రాల హృదయం తెలుసట! ఒకరి దగ్గర నేర్చుకున్న మెత్తదనం ఇంకొకరి దగ్గర పనికి రాదని కాదు. కానీ మనకు అందరి హృదయాలూ ఒకేసారి తెలియవు. ఎవరో ఒకరు అడవిలో నిద్రపోతూనే ఉంటారు.

మా ఊరికి దగ్గర్లోనే నగునూరులో కాకతీయుల కాలపు గుళ్ళున్నాయి. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. చిన్నదానికి స్వారీ వచ్చిన గర్వం తలకెక్కి, రుద్రమదేవి తన అక్కగారైనట్టు మాట్లాడుతోంది. రుద్రమ 1262 నుంచి 1289 దాకా ఏలింది. తండ్రి గణపతిదేవుడు ఆమెకు రుద్రదేవుడని మగపేరు పెట్టి పెంచాడంటారు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆమె మరణం గురించి చెబుతుంది. ఆమెను మొదటిసారి గుర్రం ఎక్కించిందెవరో, ఆమె ఎన్నిసార్లు పడిందో ఏ శాసనమూ చెప్పదు. "ఆమెకు మగపిల్లగానిలెక్క ఉండుడు ఇష్టమేనా అని ఎవరన్న అడిగిన్రంటవా?" అంది పెద్దది, విరిగిన స్తంభం మీద చెయ్యి ఆనించి. ఎడమ చెయ్యి. ఆ మధ్య నాకు దాని ఎడమ చెయ్యి తప్ప ఇంకేమీ కనిపించటం లేదు.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ చెప్పేశాను. నువ్వు చిన్నప్పుడు నేను అలా చేయకుండా ఉండాల్సింది, నాకప్పుడు తెలియదు అన్నాను. గొంతు పట్టుకుంది. అది వెంటనే నన్ను కావలించుకుంటుందని అనుకున్నాను. మా నవలల్లో అయితే తప్పకుండా కావలించుకునేది. ఇది గిన్నె తుడుస్తూ కాసేపు ఊరుకుంది.

"నువ్వు సారీ చెప్తే నేనేమనాలె అమ్మా? పర్వాలేదనాలె. నువ్వు ఏడుస్తే నేను ఊకోబెట్టాలె. మళ్ళ నాకే పని" అంది. కోపంగా కాదు. నిజంగానే ఏమనాలో అడుగుతున్నట్టు.

నాకు ఠక్కున ఏడుపు ఆగింది. ఇదీ స్వారీయే కదా అనిపించింది. పశ్చాత్తాపం పేరుతో మళ్ళీ ఎక్కి కూర్చోబోయాను, అదే వీపు మీద. నా మనసు తేలికపడటానికి దాని నోరు లాగబోయాను. మరి చెప్పకుండా ఉండాలా? చెప్పకుండా ఉంటే అది ఇంకా పెద్ద తప్పు కదా? చిన్నదాన్ని సవ్యంగా పెంచుతున్నానుగా, దానితో చెల్లు అనుకుందామంటే, అప్పిచ్చింది ఒకరు, తీరుస్తున్నది ఇంకొకరికి. ఏ కోర్టులో చెల్లుతుంది ఆ రసీదు? ఈ లెక్క నేనింకా తేల్చుకోలేదు. చదువుతున్న మీలో పెద్దపిల్ల ఉన్న తల్లులు తేల్చుకున్నారేమో. పెద్దపిల్లలుగా పుట్టినవాళ్ళనైతే అడగటానికే భయం నాకు.

సెలవులు అయిపోవచ్చాయి. చిన్నది కాంటర్‌లో కూర్చోవటం నేర్చుకుంది. ఒకరోజు పాడుతూ పాడుతూ మధ్యలో పాట మరిచిపోయింది. మరిచిపోయిన సంగతి కూడా మరిచిపోయింది. రెండు చుట్లు తిరిగొచ్చాక చూసుకుంటే ఎగరటం లేదు. గుర్రం మెడ కిందికి దించి, ముక్కుతో బుర్రుమంది. "ఆఁ. ఇగ దానికి సుఖమైంది" అన్నారు సాబ్. పిల్లకు కాదు, దానికి.

అప్పుడు పగ్గాలిచ్చారు. ఇచ్చేముందు ఒక పనిచేశారు. పగ్గాల కొసలు కళ్ళేనికి తగిలించలేదు. జేబులోంచి దారం ఉండ తీశారు. మనం మల్లెపూలు కట్టుకునే దారం, అదే. దానితో రెండు పక్కలా పగ్గాలను కళ్ళేనికి ముడివేశారు. గట్టిగా లాగితే దారం తెగుతుంది. తెగకుండా మూడు చుట్లు తిరిగిరావాలి. చిన్నది మొదటిరోజు నాలుగు దారాలు తెంపింది, మూడోరోజు ఒక్కటీ తెంపలేదు.

పెద్దది వరంగల్ వెళ్ళే ముందురోజు పొద్దున, "నువ్వెక్కు అమ్మా" అంది.

నవ్వకండి. నలభై ఆరేళ్ళ దాన్ని, కూతురి పంజాబీ డ్రస్సు వేసుకుని, స్టూలు మీద నుంచి ఎక్కాను. కాంటర్ లేదు, దుల్కి కూడా లేదు, ఉత్త నడక. సాబ్ తాడు పట్టుకున్నారు. అంత ఎత్తు నుంచి నేల చూస్తే కడుపులో తిప్పింది. వీపు నా కింద అటూ ఇటూ కదిలింది. పట్టుకోకూడదని తెలుసు. ఇంత రాసినదాన్ని, నాకు తెలియదా? అయినా గుర్రం ఒక మలుపు తిరగ్గానే చేతులు వాటంతటవే బిగుసుకున్నాయి. టప్‌మని దారం తెగింది. సగం చుట్టు కూడా కాలేదు.

గుర్రం చెవులు ఒక్కసారి వెనక్కు పెట్టి, మళ్ళీ ముందుకు పెట్టింది. సాబ్ జేబులో దారం ఉండ కోసం తడుముకుంటుంటే, పెద్దది వెళ్ళి ఆయన దగ్గర తీసుకుంది. మూరెడు కొరికి తుంపింది. కళ్ళెం పక్కన నిలబడి ముడి వేస్తోంది. రాయటం కుడి చేత్తోనే గానీ, ముడులు అది ఇప్పటికీ ఎడమ చేత్తోనే వేస్తుంది. ఇన్నేళ్ళలో నేను గమనించలేదు.

"ఊఁ, నడు" అంది, గుర్రంతోనో నాతోనో.